హెల్మెట్ తీయని ఊరికి ముసుగు హీరో ఎందుకు?

మా పై ఫ్లోర్‌లో ఒక కుర్రాడున్నాడు, ఇంటర్ సెకండియర్, కామిక్స్ పిచ్చి. మొన్న లిఫ్ట్‌లో కలిసి "బాబాయ్, మన బెజవాడకి కూడా ఒక మాస్క్ మ్యాన్ ఉంటేనా, ఈ బ్లేడ్ బ్యాచ్ గాళ్లందరూ వారంలో సెట్ అయిపోతారు" అన్నాడు. నవ్వి ఊరుకున్నా. సాయంత్రం కింద పార్కింగ్‌లో వాళ్ల నాన్న కలిసి అదే మాట ఇంకో రకంగా అన్నాడు, "ఇద్దర్ని లేపేస్తే మిగతావాళ్లు దార్లోకొస్తారండీ" అని. కొడుక్కి ముసుగు కావాలి, తండ్రికి ఎన్‌కౌంటర్ కావాలి, నాకు మాత్రం రెండూ ఒకటే సరుకులా కనపడ్డాయి. ఎవడో రాత్రిపూట వచ్చి మన తరఫున కొట్టేసి పేరు కూడా చెప్పకుండా పోవాలి, మనం పొద్దున లేచి పేపర్లో చదువుకుంటా కాఫీ తాగాలి.

నా మాట ముందే చెప్పేస్తా. ఈ ఊళ్లో హీరోలకి కరువు ఏనాడూ లేదు, కరువంతా సాక్షులకే. పేపర్ గురించి కాదు లెండి, బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పే మనిషి గురించి అంటున్నా.

బ్లేడ్ బ్యాచ్ అంటే ఏంటో ఇక్కడోళ్లకి చెప్పక్కర్లేదు. సెలూన్ బ్లేడు సగానికి విరిచి వేళ్ల సందున పెట్టుకుంటారు, గంజాయి కొట్టి ఉంటారు, స్టేషన్ చుట్టుపక్కలో కాలవ గట్టు మీదో ఒంటరిగా దొరికినోడి ఫోనూ పర్సూ అడుగుతారు, ఇవ్వకపోతే గీసేస్తారు, అంతే. 2020 మే ఆఖర్లో పటమట గ్యాంగ్ వార్ కూడా మర్చిపోయి ఉండరు, స్థలం సెటిల్‌మెంట్ దగ్గర మొదలైన గొడవకి రెండు గ్రూపులు కత్తులూ కర్రలతో రోడ్డు మీదే పడి కొట్టుకుంటే ఒకడు చచ్చిపోయాడు. ఆ వీడియోలు మన అందరి ఫోన్లలోనూ తిరిగాయి. వీడియోలు షేర్ చేసినోళ్లు వేలమంది ఉంటారు, అందులో స్టేషన్ మెట్లెక్కినోళ్లు ఎంతమందో మీరే లెక్కేసుకోండి.

ఇక ముసుగు సంగతి. ఈ మోజు అమెరికాది. 1938లో సూపర్‌మ్యాన్, 1939లో బ్యాట్‌మ్యాన్ పుస్తకాల్లోకి వచ్చారు, పుస్తకాల్లో ఉన్నంతవరకు బాగానే ఉంది, రోడ్డు మీదకి వచ్చాకే కథ తేడా కొట్టింది. 1979లో న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో దొంగల్ని ఎదుర్కొంటాం అని కొందరు కుర్రాళ్లు ఎర్ర టోపీలు పెట్టుకుని గార్డియన్ ఏంజెల్స్ పేరుతో తిరిగారు, జనం ఆహా ఓహో అన్నారు, తీరా 1992లో దాన్ని పెట్టినాయనే నోటితో ఒప్పుకున్నాడు, మొదట్లో చెప్పుకున్న సాహసాల్లో కొన్ని పబ్లిసిటీ కోసం మేం అల్లినవే అని. సియాటెల్‌లో ఫీనిక్స్ జోన్స్ అని ఇంకొకాయన, నలుపూ బంగారు రంగు సూటు, ముసుగు, అంతా సినిమా సెటప్. 2011లో ఒక రాత్రి రోడ్డు మీద గుంపు కనపడితే కొట్టుకుంటున్నారనుకుని పెప్పర్ స్ప్రే కొట్టాడు. వాళ్లేమో మేం డాన్స్ చేసుకుంటున్నాం మొర్రో అన్నారు. పోలీసులు ఈయన్నే ఎత్తుకెళ్లారు. ఆ కేసు నిలవలేదు గానీ 2020లో మత్తుమందు అమ్మాడని ఆయన మీద ఇంకో కేసు పడింది. మా పై ఫ్లోర్ కుర్రాడికి ఈ రెండో భాగం ఎవరూ చెప్పినట్టు లేరు.

మన దగ్గర రాత్రిపూట ప్రత్యేకంగా డ్రెస్సేసుకుని తిరిగింది ఎవరయ్యా అంటే, నాకు తెలిసి చెడ్డీ గ్యాంగ్ ఒక్కటే. 2021 డిసెంబర్‌లో విజయవాడ శివార్లలో, తాడేపల్లి వైపు సీసీ కెమెరాలకి చిక్కారు, పోలీసులు గుజరాత్ దాహోద్ దాకా వెళ్లి పట్టుకొచ్చారు. అంతకుముందు వేషం అంటే పగటి వేషమే, అదీ పేరులోనే ఉంది పగలు అని. కూచిపూడి మన పక్కనే. వేషం కట్టినాయన ఎవరో వీధి అంతటికీ తెలుసు, ఆఖర్న సంభావనకి గుమ్మం ముందు నిలబడతాడు కూడా. మొహం దాచుకుని ధర్మం చేయడం మన అలవాటు కాదు, మొహం దాచుకుని తిరిగేవాణ్ణి మనం దొంగ అనే అన్నాం.

అసలు ముసుగు లేని హీరోలతోనే ఈ ఊరు ఒకసారి కాలిపోయింది. డెబ్బైల నుంచి ఎనభైల దాకా బెజవాడలో ఉన్న ప్రతి గ్రూపూ ఎవరో ఒకర్ని కాపాడతాం అనే మొదలైంది, రిక్షా వాళ్లనో, స్టూడెంట్లనో, మన కులపోళ్లనో. ఒక వీధిలో దేవుడు పక్క వీధిలో రౌడీ. 1988 డిసెంబర్ 26న నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే రంగాని నరికేశారు, తర్వాత ఏం జరిగిందో ఆ రోజుల్లో షాపు ఉన్నోళ్లని అడగండి, కర్ఫ్యూ, తగలబడిన షట్టర్లు, బందర్ రోడ్డు మీద పొగ. మా మేనమామ ఇప్పటికీ ఆ కాలిన తాళంకప్ప దాచుకున్నాడు, తాళం చెవి దూరదు, కరిగి ముద్దయిపోయింది. కాబట్టి నాకు "జనం కోసం చట్టం చేతిలోకి తీసుకునే మొనగాడు" అని ఎవరన్నా అంటే ఆ తాళంకప్పే గుర్తొస్తది.

అవతలోళ్ల మాట కూడా చెప్పాలిగా. పోలీసులు లేటు, కోర్టులు ఇంకా లేటు, రౌడీ షీట్ తెరిచినా నగర బహిష్కరణ చేసినా వాడు మళ్లీ వచ్చి అదే సెంటర్లో కూర్చుంటాడు, ఇంకేం చేస్తాం అంటారు. కడుపు మంట నిజమే, కాదనను. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితుల్ని కాల్చేస్తే పోలీసుల మీద పూలు చల్లాం, నేనూ ఆ రోజు స్టేటస్ పెట్టినోణ్ణే. 2022లో ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు బయటికొచ్చింది, చంపాలనే కాల్చారు అంది, నలుగురిలో ముగ్గురు మైనర్లు అంది. నా స్టేటస్ అప్పటికి ఎప్పుడో పోయింది. 24 గంటలేగా దాని ఆయుష్షు.

కానీ నాకు అసలు చెప్పాలనున్నది గ్యాంగుల గురించి కూడా కాదు, తెలియని హంతకుడి గురించి. కామిక్స్‌లో సూత్రం ఒకటే, వీధిలో గ్యాంగులు, ఎక్కడో చీకట్లో ఎవరికీ అంతుపట్టని హంతకుడు, ముసుగు వీరుడు ముందు గ్యాంగుల్ని కొట్టి ఆఖర్న వాణ్ణి పట్టుకుంటాడు. మన చుట్టుపక్కల అలాంటి హంతకులు నిజంగానే ఉన్నారు. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబర్ దాకా కృష్ణా, ఉభయగోదావరి జిల్లాల్లో 10 మంది చచ్చిపోయారు, చాలామంది ఇళ్లలో అది మామూలు చావే అనుకున్నారు. ఏలూరు వాడొకడు, బియ్యాన్ని లాగే మహిమ గల రైస్ పుల్లర్ నాణెం అనీ, గుప్తనిధులనీ నమ్మించి డబ్బు తెప్పించుకుని, ప్రసాదంలో సైనైడ్ కలిపి పెట్టాడు. ఒకప్పుడు అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్ వాడు. 2024 సెప్టెంబర్‌లో గుంటూరు జిల్లా తెనాలిలో ముగ్గురు ఆడవాళ్లు అరెస్టయ్యారు, నలుగుర్ని చంపారని కేసు, అక్కడా సైనైడే, కూల్‌డ్రింక్‌లో. ఇప్పుడు చెప్పండి, మీ బ్యాట్‌మ్యాన్ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద కూర్చుని ఏం చూస్తాడు? ప్రసాదం చేతిలో పెడుతున్న మనిషి కనపడతాడు. కూల్‌డ్రింక్ తాగుతున్న నలుగురు ఆడవాళ్లు కనపడతారు.

ఏలూరు వాణ్ణి పట్టించింది ఏంటంటే ఆఖరి చావు దగ్గర ఇంట్లోవాళ్లకి వచ్చిన అనుమానం. మనిషి బయటికెళ్లినప్పుడు ఉన్న డబ్బూ బంగారం శవం మీద లేవు, గుండెపోటులే అని సరిపెట్టుకోకుండా కంప్లైంట్ ఇచ్చారు, పోలీసులు ఫోన్ కాల్స్ తీశారు, తీగ లాగితే డొంకంతా కదిలింది. ఇందులో కేప్ లేదు, జంప్ లేదు. ఏడుస్తూనే కాగితం మీద సంతకం పెట్టిన ఇంటి మనిషి ఉంది.

ఇంకోటి చెప్తా, ఇది మన గుమ్మంలోదే. 2007 డిసెంబర్, ఇబ్రహీంపట్నం హాస్టల్, బీఫార్మసీ అమ్మాయి హత్య. ఊరంతా ఉడికిపోయింది, ఎవడో ఒకడు దొరకాలి. 2008లో ఒక పేద కుర్రాణ్ణి పట్టుకొచ్చారు, 2010లో శిక్ష పడింది, 2017 మార్చి 31న హైకోర్టు వాడు కాదు పొమ్మని వదిలేసింది, అప్పటికి ఎనిమిదేళ్లకి పైనే జైల్లో పోయాయి. తర్వాత సీబీఐ వచ్చింది, 2019 డిసెంబర్‌లో తెనాలి శ్మశానంలో సమాధి తవ్వి మళ్లీ పోస్ట్‌మార్టం చేశారు. ఇన్నేళ్లలో ఒక్క మాట మీద నిలబడింది ఎవరో తెలుసా, ఆ అమ్మాయి తల్లిదండ్రులు. మా బిడ్డని చంపింది ఈ కుర్రాడు కాదు అని మొదట్నుంచీ, కెమెరాల ముందు, మొహం చూపించి చెప్తానే ఉన్నారు. పగ తీర్చుకునే హక్కు అందరికంటే ఎక్కువ ఉన్నోళ్లు వాళ్లు, చేతికి దొరికిన మనిషిని వద్దన్నారు. అప్పట్లో ముసుగు వీరుడు గనక ఉండి ఉంటే ఫస్ట్ కొట్టేది ఆ కుర్రాణ్ణే, మనం విజిలేసేవాళ్లం, అసలోడు ఇంట్లో కూర్చుని టీవీలో చూసేవాడు.

సరే, నీతులు చెప్తున్నావు నువ్వేం పొడిచావు అంటారా. పోయిన చలికాలం, తారాపేట వైపు, రాత్రి పదకొండున్నర. ఒకావిడ టీ బండి దగ్గర ఏడెనిమిది మందిమి ఉన్నాం. పది అడుగుల దూరంలో బ్యాగ్ తగిలించుకుని వస్తున్న కుర్రాణ్ణి ఇద్దరు ఆపారు, నవ్వుతా మాట్లాడుతున్నట్టే ఉంది, ఉన్నట్టుండి వాడు మెడ పట్టుకుని కూర్చుండిపోయాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం, మరీ ధారగా కాదు, సన్నగా, చొక్కా కాలర్ మెల్లగా రంగు మారడం నాకు కనపడింది. ఇద్దరూ పరిగెత్తలేదు, నడుచుకుంటా వెళ్లారు. ఒకడు వెనక్కి తిరిగి మా వైపు చూశాడు, అందర్నీ, ఒక్కొక్కర్నీ. అంబులెన్స్ వచ్చింది, కానిస్టేబుల్ వచ్చి నోట్‌బుక్ తీశాడు, "ఎవరన్నా చూశారా" అన్నాడు. గ్లాసులు ఠకఠకా బండి మీద పెట్టేసిన చప్పుడు. నేను హెల్మెట్ పెట్టుకునే ఉన్నా, అద్దం కిందకి దించి బండి స్టార్ట్ చేశా. మాలో ముసుగు వేసుకున్న వీరులు ఆ రాత్రి చాలామందిమే ఉన్నాం.

నాది పిరికితనమే, కానీ అందులో కొంత వాటా వ్యవస్థదీ ఉంది. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018 డిసెంబర్ 5నే ఓకే చేసింది, జిల్లా కోర్టుల్లో భయపడే సాక్షుల కోసం విడిగా గదులు కట్టమంది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ అలాంటి పథకం పెట్టి తీరాలి అంటది. ఎన్నికల్లో రౌడీల తాట తీస్తాం అనని పార్టీ లేదు, సాక్షికి వెనక గేటు నుంచి దారి ఇస్తాం అన్న పార్టీ మాత్రం నాకు తగల్లేదు. వాయిదాకి వెళ్లినోడు నిందితుడి బ్యాచ్ కూర్చున్న వరండాలోనే, వాళ్ల పక్కనే, తన పేరు పిలిచేదాకా నిలబడాలి. సాయంత్రం అదే వీధిలోంచి ఇంటికి పోవాలి. ఓట్లడిగే వాళ్లని ఈసారి డ్రోన్ల గురించి, కెమెరాల గురించి అడక్కండి, ఆ వరండా గురించి అడగండి.

ఆ రాత్రి కానిస్టేబుల్‌కి చూశాను అని చెప్పింది టీ బండి ఆవిడ ఒక్కతే. ఎక్కడికి పోతుంది, బండి అక్కడే, ఇల్లు ఆ వెనకే. నెల తర్వాత సిగ్గుతోనే వెళ్లి టీ తాగా, ఏమీ అనలేదు. మొన్న మళ్లీ వెళ్తే కోర్టు వాయిదాకి వెళ్లొచ్చానంది. జడ్జి గారు సెలవంట, ఇంకో తారీకు ఇచ్చారంట. బత్తా ఏమన్నా ఇచ్చారా అక్కా అంటే నవ్వింది. "అది కాదు బాబూ, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం కదా అని పొద్దున్నే ఐదు లీటర్లు పాలు పోయించుకున్నా, వచ్చేసరికి విరిగిపోయినై" అంది.