ఓపిక గారికి, ఒక ఒత్తు విషయమై

గౌరవనీయులైన ఓపిక గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

మీరు మా ఇంటికి వచ్చి నాలుగు నెలలు కావస్తోంది. ఫ్రిజ్ తలుపు మీద, క్యాలెండర్ పక్కన, పసుపు చీటీ మీద స్కెచ్ పెన్నుతో రాసిన మీ పేరు ఇంకా అక్కడే ఉంది. ఒక మూల ఊడింది. నిన్న పొద్దుగూకి ఇంటికి రాగానే మిగతా మూలలు కూడా పీకబోయాను. తీసేసే ముందు నోటీసు ఇవ్వడం పద్ధతి కదా అని ఆగాను.

మిమ్మల్ని తెచ్చింది మా తమ్ముడి బిడ్డ. తొమ్మిదో తరగతి. జనవరి ఒకటిన వచ్చి, "పెద్దనాయినా, ఇప్పుడు ఎవ్వరూ తీర్మానాలు పెట్టుకుంటలేరు. ఏడాదికి ఒక్క మాట ఎంచుకుంటున్నరు. ఏడాదంతా ఆ మాట పట్టుకొని నడవాలె" అంది. తను 'ఫోకస్' తీసుకుంది. నా భార్య క్షణం ఆలోచించకుండా 'నిద్ర' అంది. 2025 సంవత్సరానికి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్లు ప్రకటించిన మాట 'రేజ్ బెయిట్' అట, అంటే జనానికి కోపం తెప్పించడానికే పెట్టే పోస్టు. పిల్ల అది చదవగానే అందరూ నా దిక్కే చూశారు. అట్లా మీరు నాకు ఖరారయ్యారు.

నిజానికి మనకు ఈ ఏరుకునే బాధ లేదు. ప్రభవ మొదలు అరవై మాటలు వరుసలో ఉన్నాయి, ఉగాదికి వంతు ప్రకారం ఒకటి దిగుతుంది. ఈసారి మార్చి 19న దిగింది 'పరాభవ'. గుడిలో అయ్యగారు నా రాశికి రాజపూజ్యం తక్కువ, అవమానం ఎక్కువ అని చదివి, పేరు చూసి భయపడొద్దని సముదాయించారు. మా నాయిన పుట్టిందీ 1966 నాటి పరాభవలోనే. అరవై ఏళ్లకు చక్రం తిరిగి మళ్లీ ఆయన గుమ్మం ముందే ఆగింది. అయినా భయపడలేదు. ఫ్రిజ్ మీద మీరున్నారు కదా అనుకున్నాను.

బస్టాండులో, ఏటీఎం ముందు, కస్టమర్ కేర్ వాళ్ల పాట వింటూ మిమ్మల్ని బాగానే వాడుకున్నాను. వాటి మీద ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా ఒక ఒత్తు గురించి.

నాయిన పేరు చివర 'య్య' ఉండాలి. పట్టాదారు పాసుబుక్కులో 'య' పడింది. ఇరవై ఏళ్లుగా మా ముఖాలు చూస్తున్న బ్యాంకులోనే, "ఆధార్‌లో ఒత్తు ఉంది, పాసుబుక్కులో లేదు, ఈ ఇద్దరూ ఒక్కరే అని కాయితం తెండి" అన్నారు. ఆ ఒత్తు కోసం సంక్రాంతికి ముందు బయలుదేరాను. ఆఫీసు పేరు చెప్పను, చెప్పినా మీకు కొత్త కాదు. ఒకరోజు సర్వర్ డౌన్. ఒకరోజు సర్వర్ ఉంది, కరెంటు లేదు. ఒకరోజు రెండూ ఉన్నాయి, సంబంధిత సార్ లేరు. తర్వాత ఫైలు సార్ లాగిన్‌లో ఉందన్నారు. అది ఎక్కడుంటుందో తెలియదు కానీ మంచి చల్లని చోటయి ఉండాలి, వెళ్లిన ఫైలు వెనక్కి రాలేదు. ఒత్తు కోసం పోయినవాడికి ఒత్తిడి మిగిలింది. బీపీ గోలీ డాక్టర్ ఈ మధ్యే పెంచారు.

నిన్నటిది ఏడోసారి. "రెండున్నరకు రాండ్రి, మీ నాయినను తోలుకొని రాండ్రి, వేలిముద్ర కావాలె, సార్ తప్పకుంట ఉంటడు" అని మాటిచ్చారు. రెండు పదికే అక్కడున్నాం. ఏప్రిల్ ఎండ గురించి నల్లగొండలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బెంచీ ఒకటే ఉంది, దాని మీద పాత ఫైళ్ల కట్టలు కూర్చున్నాయి. వాటిని లేపే ధైర్యం ఎవరికీ లేదు. నాయిన మోకాళ్లు వంగవు, కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే స్తంభం నీడ పొద్దంతా కదలదని చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకుపోయి చూపించారు, నోరు తెరుచుకుని చూశాను. ఈ ఆఫీసు ముందు వేపచెట్టు నీడ మాత్రం చక్కగా కదిలింది. మా చెప్పుల మీద నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి సార్ బండి పెట్టుకునే చోటికి పోయింది. కదలనిది ఫైలే. మూడింటికి సార్ భోజనానికి పోయిండన్నారు. మూడున్నరకు తొవ్వల ఉన్నడు. నాలుగున్నరకు వచ్చారు, రాగానే వీడియో కాన్ఫరెన్సులో కూర్చున్నారు.

ఐదుంబావుకు పిలిచారు. నాయిన మిషన్ మీద బొటనవేలు పెట్టాడు. పడలేదు. కండువాతో తుడిచి పెట్టాడు. పడలేదు. నూనె అంటుతుందని తలకు రాసుకుని మళ్లీ పెట్టాడు. నలభై ఏళ్లకు పైగా పార పట్టిన వేలు, గీతలు ఎప్పుడో చెల్కలోనే అరిగిపోయాయి. ఆపరేటర్ పిల్లగాడు మంచోడే. "తాతా, జర ఓపిక పట్టు" అన్నాడు.

మీ పేరు వినగానే నాకు తిక్క లేచింది. ఇక్కడి నుంచి 'నువ్వు' అనే అంటాను, ఏమనుకోకు.

నాయిన అరవలేదు. "ఓపిక లేదు బిడ్డా" అన్నాడు, అంతే. తెలుగులో ఓర్పుకూ నువ్వే, ఒంట్లో సత్తువకూ నువ్వే. ఒకటి అడుగుతూ రెండోది గుంజుకుంటావు. ఓపిక పట్టమనేవాడు ఫ్యాన్ కింద ఉంటాడు. పట్టాల్సినవాడు గోడకు ఆనుకుని, ఉన్న కాస్త ఓపికా కాళ్లలోంచి కారిపోతుంటే నిలబడి ఉంటాడు. ఒకే మాట, రెండు పక్కల కూలి తీసుకుంటున్నావు. సిగ్గుండాలి.

ఇంకా నీ మీద సామెతలొకటి. ఓర్చినమ్మకు తేటనీరు అట! మా మర్రిగూడ దిక్కు నుంచి వచ్చిన మనిషి దగ్గర ఆ మాట అను చూద్దాం. మా బోరు నీళ్లు ఎప్పుడూ తేటగానే ఉండేవి. ఫ్లోరైడ్ కంటికి కనబడదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదట. దాటిన నీళ్లనే మావాళ్లు తరాలుగా ఓపిగ్గా తాగారు. పళ్లు పచ్చబడ్డాయి, నడుములు బిగుసుకున్నాయి. అరవై ఏళ్ల నాయిన డెబ్బై ఐదేళ్ల మనిషిలా నడుస్తాడు. నాగపూర్ నీరీ సంస్థ దీనికి ఒక విరుగుడు కనిపెట్టి మా జిల్లా పేరే పెట్టింది, నల్లగొండ టెక్నిక్ అని. నీళ్లలో పటిక, సున్నం వేసి కలియబెట్టి, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగాలి. చూశావా, అందులోనూ దూరావు.

నాయిన అంబాడే వయసులో, 1967 ఆగస్టులో, సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అవి మిర్యాలగూడ దిక్కు పోయాయి, మా మిట్టకు ఎక్కలేదు. శ్రీశైలం నుంచి 44 కిలోమీటర్ల సొరంగంలో వస్తాయన్నారు. దాని మీద జోకులు వేయను. 2025 ఫిబ్రవరి 22న అందులో కూలిన మట్టి కింద ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, కాదనను. ఎముకలు మాత్రం పాత నీళ్లవే.

మా అత్తగారిది పాలమూరు. అక్కడ పిల్లలమర్రి ఏడు వందల ఏళ్లుగా ఒక్కచోటే నిలబడి ఉందంటారు. దానికే చెదలు పట్టి 2018లో కొమ్మలకు సెలైన్ బాటిళ్లు వేలాడదీశారు. నీ సావాసం అట్లాంటిది.

ఇదంతా తిరుగు ఆటోలో నేను గొణుగుతుంటే నాయిన నీ పక్షమే మాట్లాడాడు. ఆయనతో అదొక తంటా. రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చినా చినుకు పడకపోతే, దున్నిన చెల్క గట్టు మీద చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని మబ్బుల దిక్కు చూసే మనిషి ఆయన. అప్పుడు ఒక్క మాట తిట్టగా వినలేదు. "మరి వానకైతే నెలరోజులు చూస్తవు గదా నాయినా, ఈడ మూడు గంటలకే ఓపిక లేదంటివి" అన్నాను, మాట వరసకు.

"వాన నాకు మాటియ్యలేదు గదరా" అన్నాడు. "రెండున్నరకు వస్త, నువ్వు రా అని చెప్పలేదు గద."

అందుకే చీటీ ఇంకా పీకలేదు. ఊడిన మూలకు టేపు కూడా వేశాను. అది నీ మొహం చూసి కాదు, నాయిన మొహం చూసి.

సోమవారం కంటిపాప చూసే మిషన్ వస్తుందట, మళ్లీ రెండున్నరకే రమ్మన్నారు. నువ్వు కూడా రా. నాయిన చోట గోడ దగ్గర నువ్వు నిలబడు. మేమిద్దరం వేపచెట్టు కింద ఉంటాం, పిలిస్తే కేకేయి.

ఇట్లు,
ఒక 'య' ఒత్తు రావాల్సి ఉన్న రైతు కొడుకు

తా.క.: ఆధార్ జిరాక్సులు రెండు తెచ్చుకో. ఒకటి చాలు అంటారు. నమ్మకు.