డ్రైవరును సరుకుగా ప్రకటించాలి

లారీ డ్రైవర్లు ఉద్యోగాన్ని, ఇంటిని, దైవభక్తిని, భవిష్యత్తును ఎలా సర్దుకోవాలన్న విషయమై ఈ మధ్య సలహాలు విరివిగా దొరుకుతున్నాయి. వేళకు నిద్రపోవాలట. రోజూ కాసేపు ధ్యానం చేయాలట. పిల్లల చదువు దగ్గరుండి చూసుకోవాలట. ఇవన్నీ మంచి మాటలే, ఎవరూ కాదనరు. కానీ గుంటూరు మిర్చి యార్డు గేటు బయట ఒక పూట నిలబడి చూస్తే, ఇంతకంటే చవకైన, చట్టబద్ధమైన మార్గం ఒకటి కళ్లెదుటే కనిపిస్తుంది. డ్రైవరును మనిషిగా లెక్కించినంత కాలం ఈ చిక్కు తీరదు. ఆయనను సరుకుగా ప్రకటించాలి.

మిర్చి వైభోగం చూడండి. కల్లంలో ఎండిన కాయ యార్డుకు రాగానే టిక్కీలను, అంటే బస్తాలను, కాటా వేస్తారు. గుప్పెడు కాయలు తీసి, నలిపి, గలగలమంటున్నాయో లేదో చెవి దగ్గర పెట్టుకుని వింటారు. తేజా రకానికి ఒక మర్యాద, తాలుకాయకు ఒక మర్యాద. ధర నచ్చకపోతే దిగాలుపడి అమ్ముడుపోవాల్సిన అగత్యం లేదు. కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, రంగు దిగకుండా నెలల తరబడి చల్లగా విశ్రాంతి తీసుకుంటుంది. ఎండలు ముదిరితే యార్డుకు వేసవి సెలవులు కూడా ఉన్నాయి. అదే యార్డు గోడ పక్కన, లోడు కోసం కాచుకున్న డ్రైవరు లారీ కింద గోనెపట్టా పరుచుకుని పడుకుంటాడు. ఆయన రంగు దిగిందా, నిలిచిందా అని నలిపి చూసినవాళ్లు లేరు. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలన్న నిబంధన 2025 అక్టోబరు 1 నుంచి వచ్చింది, సంతోషం. మిర్చికి చల్లదనం దక్కిన ఇన్నేళ్లకు మనిషి వంతు వచ్చింది. పాత బండ్ల వాళ్లకు తడి తువ్వాలు యథాతథం.

చట్టాలు లేవని నిందించకూడదు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటల పని, వారానికి 48 గంటలు, వారానికో రోజు సెలవు అని అందులో ముచ్చటగా రాశారు. ఆ కాగితం చూపించమని ఏ రోడ్డు మీదా ఎవరూ బండి ఆపలేదు. సరుకు తరలించడానికి జీఎస్టీ కింద తీసుకునే ఈ-వే బిల్లు లేకపోతే మాత్రం బండి ముందుకు కదలదు. ఒకటి మనిషి గురించిన కాగితం, ఇంకొకటి సరుకు గురించినది. దేనికి విలువ ఉందో పసిపిల్లలైనా చెబుతారు.

ఈ-వే బిల్లులో ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇస్తారు. గుంటూరు నుంచి ఢిల్లీకి సుమారు 1,800 కిలోమీటర్లు కాబట్టి 9 రోజులు. పూర్వం 100 కిలోమీటర్లకే ఒక రోజు ఉండేది, 2021 జనవరి 1 నుంచి 200 చేశారు. (మిర్చికి తొందర పెరిగింది కాబోలు, డ్రైవరు కాళ్లు మాత్రం అవే రెండు.) అయినా సర్కారుకు దయ లేదనలేం. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిసిన 8 గంటల తర్వాతి వరకు పొడిగింపు అడగవచ్చు. ప్రకృతి వైపరీత్యం, శాంతిభద్రతలు, ప్రమాదం అంటూ కారణాలు వాళ్లే సిద్ధంగా ఉంచారు, ఒకటి ఎంచుకుంటే చాలు. అదే డ్రైవరు "శుక్రవారానికి ఇంట్లో ఉంటాను" అని భార్యకు ఇచ్చిన మాటకు పొడిగింపు కావాలంటే? ఏ కారణం ఎంచుకున్నా అవతలి నుంచి జవాబు ఒక్కటే: "పోయినసారీ ఇదే చెప్పారు."

నా ప్రతిపాదన అమలైతే డ్రైవరు పేరనే బిల్టీ, అంటే సరుకు రవాణా రసీదు, రాస్తారు. పంపువారు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, అందుకొనువారు ఇల్లాలు. లోడు దించక బండి నిలబడిపోతే ఆ రోజులకు డబ్బు, అదే హాల్టింగు, అడగడం ఈ వ్యాపారంలో ఆచారమే. ఆమె ఎదురుచూసిన రోజులకూ హాల్టింగు కట్టాలి. సరుకు సవ్యంగా ముట్టిందని సంతకం పెట్టేముందు తనిఖీ చేసుకునే హక్కు ఆమెది. పట్టేసిన నడుము, వాచిన పాదాలు, ఎర్రబారిన కళ్లు, ఏమేం దెబ్బతిన్నాయో బిల్టీ వెనక రాసి పరిహారం కోరవచ్చు. ఇప్పుడైతే ఆ లెక్కంతా వంటింటి గోడకు చెప్పుకుంటోంది.

శుభకార్యాల సంగతీ తేలిపోతుంది. డ్రైవరు ఇంట్లో పెళ్లికి పంతులుగారు ముహూర్తం పెడితే సరిపోదు, నాగపూరులో ఉన్న బ్రోకరు కూడా పెట్టాలి. రిటర్ను లోడు దొరికితేనే కదా బండి ఇటు తిరిగేది. ఖాళీగా వస్తే డీజిలు ఎవరు పోస్తారు? అందరి పంచాంగంలోనూ తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అని ఐదు అంగాలే. వీళ్ల ఇళ్లలో ఆరోది లోడు.

భక్తి విషయంలో డ్రైవర్లకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. స్టీరింగు ముందు దుర్గమ్మ, పక్కనే గుణదల మేరీమాత, అద్దానికి కాలే మస్తాన్ దర్గాలో కట్టించుకున్న తాడు. ఎవరి పరిధిలో ప్రమాదం జరుగుతుందో తెలియదు కాబట్టి అందరితోనూ సఖ్యంగా ఉండటం మేలు. వెనక లారీ నిండా ఎండుమిర్చి ఉన్నా, ముందు బంపరుకు నిమ్మకాయతో పాటు ఏడు పచ్చిమిర్చి విడిగా కట్టాల్సిందే. దిష్టి తీసే అధికారం ఆ ఏడింటికే ఉంది, వెనకున్నవి బేరానికి. విజయవాడ వైపు వెళ్తూ కనకదుర్గ వారధి ఎక్కగానే, ఎడమవైపు కొండ కనపడేచోట, స్టీరింగు మీద నుంచి ఒక చేయి లేస్తుంది. కళ్లకద్దుకోవడం, ఒక హారను, మళ్లీ గేరు. దర్శనం అయిపోయింది. మంగళగిరిలో ఆగి పానకం పోయించుకునే తీరిక ఉండదు. పానకాల స్వామి భక్తుడు తెచ్చిన దాంట్లో సగమే పుచ్చుకుని సగం తిరిగి ఇస్తాడని ప్రతీతి. రోడ్డు మీద బండి ఆపే మిగతా దేవుళ్లకు ఆ అలవాటు లేదు.

ఇక భవానీ దీక్ష. 41 రోజులు నేల మీద పడుకోవాలి, చన్నీటి స్నానం చేయాలి, ఒంటిపూట భోజనం, బ్రహ్మచర్యం. కఠిన నియమాలని మనం గుడ్లు తేలేస్తాం. లారీ డ్రైవరు ఇవన్నీ ఏడాది పొడవునా పాటిస్తూనే ఉన్నాడు. పెట్రోలు బంకు కుళాయి కింద స్నానం, లారీ కింద పడక, దొరికిన పూట భోజనం, ఇల్లు వందల కిలోమీటర్ల దూరంలో. దీక్ష తీసుకుంటే ఆయనకు కొత్తగా వచ్చేది ఎర్రబట్టలొక్కటే. ఆ బట్టలతో ఒక లాభం ఉంది, "ఏరా, ఆపు" అనేవాళ్లు కూడా "భవానీ, కాస్త ఆపండి" అంటారు. తర్వాతి కార్యక్రమంలో మార్పు లేదు. అసలు కష్టం మార్గశిరంలో, దీక్ష విరమణకు ఇరుముడితో ఇంద్రకీలాద్రి ఎక్కాల్సిన రోజున మొదలవుతుంది. అమ్మవారు పిలిచినా బ్రోకరు పిలవాలి. సరుకు హోదా ఉంటే ఇరుముడిని అర్జెంటు డెలివరీ కింద చూపించవచ్చు.

భవిష్యత్తు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చిట్టీ పాట జరిగే సమయానికి బండి సిగ్నలు లేని ఘాట్ రోడ్డులో ఉంటుంది, పాట వేరేవాళ్లు ఎగరేసుకుపోతారు. సొంత బండి కొనాలి, ఫైనాన్సు తీరాలి, కొడుకు మాత్రం స్టీరింగు ముట్టుకోకూడదు. ఈ మూడు కోరికలూ ఒకే నోటి నుంచి వస్తాయి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా పరీక్ష చేయించి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, తెచ్చుకోవాలి. ఆ బండి తోలేవాడి ఒంటికి, లైసెన్సు రెన్యువలు పేరుతో, ఐదేళ్లకోసారి ఒక డాక్టరు సంతకం సరిపోతుంది. ఇనుముకంటే ఎముక గట్టిదని ప్రభుత్వానికి గట్టి నమ్మకం.

మనిషిని సరుకంటారా అని మానవతావాదులు మండిపడతారని తెలుసు. వాళ్లతో నాకు పేచీ లేదు. పేచీ వచ్చింది ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తాతో. ప్రతిపాదన అంతా విని, కళ్లజోడు సవరించుకుని, ఎండుమిర్చిలాగే 5 శాతం జీఎస్టీ వేద్దామా అని మొదట అడిగాడు. తర్వాత విలువ గడిలో ఏం రాయాలని అడిగాడు. నెల జీతం, బత్తా కలిపి చెప్పాను. కూడి చూసి పెన్ను మూత పెట్టేశాడు. ఈ-వే బిల్లు 50,000 రూపాయలు దాటిన సరుకుకేనట. దీనికి ఏ కాగితమూ, ఏ గడువూ అక్కర్లేదు, ఇలాగే ఎక్కించి పంపేయవచ్చన్నాడు.