బొమ్మలగుట్ట రాయిని ఒక్కరు చదవలేరు

పోయిన డిసెంబర్ల హన్మకొండ పోయినప్పుడు మా అక్క కొడుకు నన్ను కురిక్యాల తీస్కపోయిండు, కరీంనగర్ జిల్లా గంగాధర మండలంల ఉంటది, ఆ ఊరి పక్కనే బొమ్మలగుట్ట. పొద్దు గూకేదాక ఆగుదాం మామా అన్నడు, ఎందుకురా అంటే నడినెత్తి ఎండల అక్షరాలు కనవడయి అన్నడు. చీకటి పడంగనే నా ఫోన్ లైట్ రాయికి ఆనిచ్చి పక్క నుంచి పట్టమన్నడు. అప్పటిదాక ఉత్త గరుకు బండ లెక్క ఉన్న కాడ గీతలల్ల నీడ పడి అక్షరాలు వరుసగ లేచినయి, నాకు నోట మాట రాలె.

అది జినవల్లభుడు రాయించిన శాసనం, ఆయన కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. 940ల నాటిది, సంస్కృతం, కన్నడ, తెలుగు మూడు ఉన్నయి, తెలుగువి మూడు కంద పద్యాలు. నన్నయ గారు భారతం పట్టింది 11వ శతాబ్దంల, అంటే అంతకు వందేండ్ల ముందే మా కరీంనగర్ గుట్టల కాడ కందం నడిచింది. 2008ల తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు అందరం ఈ రాయి పేరు చెప్పుకున్నం, తర్వాత ఎవరి పనిల వాళ్ళం పడ్డం.

ఇప్పుడు నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఈ రాయిని తెలుగు సార్ ఒక్కడే చదివితే ఛందస్సు చెప్తడు, హిస్టరీ సార్ ఒక్కడే చదివితే అప్పుడు ఈ దిక్కు ఏలిన వేములవాడ చాళుక్యుల సంగతి చెప్తడు, కాని ఆ పద్యాలల్ల చెప్పిన జైన గుడులు కట్టించుడు, జిన మునులకు అన్నం పెట్టుడు అంత గొప్ప ధర్మం ఎందుకైందో చెప్పాలంటే జైన దర్శనం తెలిసిన మనిషి కావాలె. ఆ వేములవాడ చాళుక్యుల నీడలనే సోమదేవసూరి అనే జైన ముని 959ల యశస్తిలక చంపూ పూర్తి చేసిండు, చూస్తే కావ్యం, లోపల ఒక్కో దర్శనాన్ని ముందట పెట్టుకొని వాదిస్తడు, దాన్ని ఏ డిపార్ట్‌మెంట్ల పెడ్తరు చెప్పుండ్రి?

జాయప సేనాని నృత్తరత్నావళి కూడ అంతే. కాకతీయ రాజు గణపతిదేవుని దగ్గర ఏనుగుల దళం నడిపినాయన 1253-54ల రాసిన సంస్కృత గ్రంథం, సగం దేశి నాట్యాల గురించే, అంటే ఆయా దిక్కుల జనం ఆడే నాట్యాలు. 1213ల కట్టిన రామప్ప గుడి బొమ్మలను ఆ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకొని చూసినందుకే నాట్య గురువు నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్ళీ నిలబెట్టిండ్రు. వట్టి పుస్తకంతోని అయ్యేది కాదు, వట్టి రాళ్ళతోని కూడ అయ్యేది కాదు.

బయటి దేశాలల్ల మన మీద మంచి పని జరుగుతుంది, అది ఒప్పుకోవాలె. ఆస్టిన్ల టెక్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ సింథియా టాల్బట్ కాకతీయుల కాలం శాసనాలు వందలకు వందలు ముందటేసుకొని 2001ల పుస్తకం తెచ్చింది, గుడులకు దానాలు ఇచ్చినోళ్ళల్ల రాజులే కాదు గొల్లలు, వ్యాపారులు, ఆడవాళ్ళు కూడ ఎంతమంది ఉన్నరో లెక్క తీసి చూపించింది. పరబ్రహ్మశాస్త్రి గారి లాంటి శాసనాల పండితులు ఊరూరు తిరిగి రాతి మీద కాగితం అద్ది అక్షరాల అచ్చులు (ఎస్టాంపేజీలు) తీసి అచ్చు వేయించకపోతే ఆ లెక్క ఎక్కడిది? కాని ఆ పుస్తకం ఇంగ్లీషుల ఉంది. కురిక్యాలల ఆ రాయి పక్కన మేకలు కాసే మనిషికి తన తాత ముత్తాతల లాంటోళ్ళు శాసనాలల్ల ఉన్నరని ఎట్ల తెలుస్తది?

మా అల్లుడు, అదే నన్ను కురిక్యాల తీస్కపోయిన మా అక్క కొడుకు, తెలుగుల పీహెచ్‌డీ చేస్తుండు. ఫెలోషిప్ మధ్యల ఆగింది, పగలు ఒక కాలేజీల పాఠాలు చెప్పుకుంట రాత్రి థీసిస్ రాసుకుంటడు. మాకు పొద్దున్నే వాట్సాప్ మెసేజ్ వస్తది, మామా ఇది డౌన్‌లోడ్ అయితదా అని లింక్ పెడ్తడు. తన సొంత జిల్లా శాసనం మీద రాసిన ఆర్టికల్ చదవడానికి వానికి 40 డాలర్లు అడుగుతుంది ఆ సైట్. నాకు మస్తు బాధైతది.

బయటి దేశంల ఉన్న మన తెలుగు సంఘం ప్రతి కన్వెన్షన్‌కు బ్యాంక్వెట్, సినిమావాళ్ళ టికెట్లు, స్టేజీ డెకరేషన్ అని ఎంత పెడ్తదో మనందరికి తెలుసు, వద్దని నేను అనను, పిల్లలు సంబరపడ్తరు. దాంట్ల కొంచెం తీసి వరంగల్, కరీంనగర్ దిక్కు రీసెర్చ్ చేసే ఇద్దరు ముగ్గురికి ఏడాది పొడుగు నెల నెలా పంపిద్దాం. షరతు ఒకటే, గైడ్లు రెండు సబ్జెక్టుల నుంచి ఉండాలె, రాసింది తెలుగుల ఉండాలె, ఫ్రీగ ఆన్‌లైన్‌ల పెట్టాలె. ఇంగ్లీషుల వచ్చిన మంచి వ్యాసాలు ఏడాదికి నాలుగన్న, రాసినవాళ్ళ పర్మిషన్ తీస్కొని తెలుగుల అచ్చేద్దాం, అనువాదం చేసేటోళ్ళకు డబ్బులిద్దాం, ఊకె చేయించుకోవద్దు.

ఇంకో మాట, మా బిడ్డ హిస్టరీ మేజర్ తీస్కుంటా నాన్నా అన్నప్పుడు నేను రెండు నెలలు సరిగ్గ మాట్లాడలె. తప్పు చేసిన. ఇప్పుడు ఆ బిడ్డనే మా అల్లునికి లైబ్రరీల నుంచి స్కాన్లు పంపుతుంది.

వచ్చే జనరల్ బాడీ మీటింగ్ల ఈ తీర్మానం నేనే పెడ్తున్న, బలపరిచేటోళ్ళు దయచేసి రాండ్రి.