ఆయాసం రాలేదని ఇంట్లోనే ఆగిపోవద్దు

2021 వేసవిలో ఊరూరా తిరిగిన ఒక వాట్సాప్ మెసేజ్ మొన్న మా బంధువుల గ్రూపులో మళ్ళీ కనపడింది. అందులో ఉన్నది ఇదీ: కరోనా లాంటిది సోకితే ఆస్పత్రికి పోవద్దు, పోయినవాళ్ళు తిరిగి రారు. ఆయాసం లేనంతవరకు భయం లేదు. ఆస్పత్రిలో ఇచ్చే మందులే ఇంట్లో వేసుకోవచ్చు. ఎవరికీ చెప్పకుండా 14 రోజులు తలుపేసుకుంటే చాలు. ఈ మాటలు నమ్మి మా బాబాయిని పోగొట్టుకునేంత పని చేశాం. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"ఆస్పత్రికి పోయినవాళ్ళే చనిపోయారు." జబ్బు ముదిరినవాళ్ళే ఆస్పత్రికి వెళ్ళారు, కాబట్టి చావులూ అక్కడే ఎక్కువ కనపడ్డాయి. ఇంట్లో నాలుగు రోజులు జ్వరం పడి లేచినవాళ్ళ గురించి ఎవరూ చెప్పుకోలేదు. అయితే జనం భయం ఉత్తిది కాదు. బెడ్డు కోసం తిరిగిన తిరుగుడు, లక్షల బిల్లులు అందరం చూశాం. 2021 మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గి 11 మంది చనిపోయారని అధికారులే చెప్పారు. ఆ ఘోరాన్ని ఎవరూ మరిచిపోకూడదు. కానీ కాసేపు ఆక్సిజన్ తగ్గితేనే ప్రాణాలు పోయాయంటే, అంతవరకు వాళ్ళను నిలబెట్టింది ఆ ఆక్సిజనే కదా. అది ఇంటి గదిలో ఎక్కడి నుంచి వస్తుంది?

"ఆయాసం లేకపోతే భయం లేదు." నన్ను బాగా బాధపెట్టే మాట ఇదే. కరోనాలో రక్తంలో ఆక్సిజన్ పడిపోతున్నా కొందరికి ఊపిరి ఆడనట్టే అనిపించదు. బాబాయి తొమ్మిదో రోజు మంచం మీద కూర్చుని ఫోన్‌లో మామూలుగానే మాట్లాడుతున్నాడు. పక్కింటివాళ్ళ ఆక్సీమీటర్ తెచ్చి వేలికి పెడితే 86 చూపించింది. మిషన్ పాడైందనుకుని పిన్ని వేలికి పెట్టి చూస్తే 98. ఆ రాత్రే ఆస్పత్రిలో చేర్చాం. జబ్బు ముదిరినవాళ్ళలో చాలామందికి లక్షణాలు మొదలైన రెండో వారం మొదట్లోనే పరిస్థితి ఇలా తిరగబడింది. అంటే జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజుల్లోనే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. అంకె 94 కన్నా తగ్గినా, ఆరు నిమిషాలు ఇంట్లోనే నడిచాక మూడు పాయింట్లకు మించి పడినా డాక్టర్‌ను పిలవాలి. చేతులు చల్లగా ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా రీడింగ్ తప్పు రావచ్చు. వేలు మార్చి మళ్ళీ చూడండి.

"అవే మందులు ఇంట్లో వేసుకోవచ్చు." స్టెరాయిడ్ల సంగతి చూడండి. 2020 జూన్‌లో బ్రిటన్‌లో 'రికవరీ' అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మాత్రం ఏ మేలూ కనపడలేదు. ఒకే మందు, ఎవరికి ఎప్పుడు ఇస్తున్నామన్నదే తేడా. మనవాళ్ళు మొదటి రోజు నుంచే వేసుకున్నారు. షుగర్ అదుపులో లేనివాళ్ళకు స్టెరాయిడ్లు తోడై బ్లాక్ ఫంగస్ ఎలా విరుచుకుపడిందో అప్పట్లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ముందు నిలబడ్డవాళ్ళను అడిగితే చెబుతారు. వైరస్ మీద పనిచేసే రెమ్డెసివిర్ ఇంజెక్షన్ ఆస్పత్రిలోనే ఇవ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పట్లో స్పష్టంగా రాసింది కూడా.

"ఎవరికీ చెప్పకుండా తలుపేసుకుంటే చాలు." లక్షణాలు స్వల్పంగా ఉంటే ఇంట్లో ఉండవచ్చన్నది నిజమే. ఎక్కువమంది అలాగే కోలుకున్నారు. ప్రభుత్వం కూడా 2020 ఏప్రిల్ నుంచే ఒప్పుకుంది. కానీ ఎవరికీ చెప్పవద్దని అప్పటి ఏ నిబంధనలోనూ లేదు. చూసుకునే మనిషి ఉండాలి, డాక్టర్‌తో మాట్లాడుతూ ఉండాలి. 60 దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళయితే డాక్టర్ చూసి సరేనన్నాకే ఇంట్లో ఉండాలి.

పైగా, తలుపేసుకోవడానికి గది ఏది? 2021 మేలో నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెలో ఇంట్లో ఒకటే గది ఉండటంతో ఒక విద్యార్థి చెట్టు మీద మంచం కట్టుకుని 11 రోజులు గడిపాడు. ఇంట్లోవాళ్ళకు అంటకూడదని ఆ పిల్లవాడు పడ్డ తాపత్రయం అది. ఇలాంటివాళ్ళ కోసమే కోవిడ్ కేర్ సెంటర్లు పెట్టారు. చైనాలోని వుహాన్‌లో 2020 ఫిబ్రవరిలో స్టేడియాలను, ఎగ్జిబిషన్ హాళ్ళను తాత్కాలిక ఆస్పత్రులుగా మార్చి, స్వల్ప లక్షణాలున్న దాదాపు 12 వేల మందిని అక్కడ ఉంచడానికి ఒక ముఖ్య కారణం కూడా ఇదే: ఇంట్లో ఉంచితే ఇంటిల్లిపాదికీ అంటుతోంది.

బాబాయి పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చాడు. మొన్న గ్రూపులో ఆ మెసేజ్ కింద తన ఆక్సీమీటర్ ఫొటో పెట్టి, "ఆ రోజు నాకూ ఆయాసం లేదు" అని రాశాడు.