పువ్వుల్లో పురుగుల్ని ఏ టైంలో లెక్కపెట్టారు?

మొన్న శనివారం మధ్యాహ్నం థీసిస్ చాప్టర్ ఒకటి ప్రింట్ తీసుకుందామని బ్రాడీపేటలో ఒక డీటీపీ సెంటర్‌కి వెళ్లాను. పక్క కంప్యూటర్ ముందు వేరే కాలేజీ రీసెర్చ్ స్కాలర్ అమ్మాయి కూర్చుని ఉంది. ఆపరేటర్ ఆమెతో, "ఏడు వేలు కట్టండి మేడం, వారంలో పబ్లికేషన్ వచ్చేస్తుంది, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. సిమిలారిటీ (వేరేవాళ్ల రాతలతో పోలిక) ఎక్కువుంటే మాటలు మేమే మార్చి పెడతాం" అంటున్నాడు. ఆ అమ్మాయి ఫోన్ తీసి డబ్బు పంపేసింది. నేను ఆపలేదు. ఆమె ఎవరో, గైడ్ ఎవరో నాకు తెలియదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను గుంటూరులో జువాలజీ చెబుతాను. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అబ్బాయిది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు, మిరప వేసే కుటుంబం. 2021లో మన జిల్లా మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడటం అందరికీ గుర్తుండే ఉంటుంది. దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద నమోదైంది. మనకు ముందునుంచీ తెలిసిన తామర పురుగు ఆకుల్ని పైముడత పట్టిస్తుంది. ఇది అలా కాదు, నేరుగా పువ్వుల్లో గుంపులుగా చేరుతుంది. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. మందు మీద మందు కొట్టి, చివరికి తోట పీకేసిన రైతుల్ని నేను కళ్లారా చూశాను. మా అబ్బాయి వాళ్ల నాన్న కూడా వాళ్లలో ఒకరు. ఆ పురుగు మీదే పని చేస్తానని ఈ అబ్బాయి పట్టుబట్టడానికి కారణం అదే.

రెండు సీజన్లు మూడు ఊళ్ల తోటల్లో తిరిగాడు. పువ్వుల్ని తెల్లకాగితం మీద దులిపి పురుగుల్ని లెక్కపెట్టాడు. కొన్నింటిని డెబ్బై శాతం ఆల్కహాల్‌లో వేసి తెచ్చి మైక్రోస్కోప్ కింద చూసి జాతి ఖరారు చేసుకున్నాడు. పేపర్ రాశాం, ఒక మంచి జర్నల్‌కి పంపాం. నాలుగు నెలల తర్వాత ఇద్దరు రివ్యూయర్ల, అంటే అచ్చుకి ముందు పేపర్‌ని పరిశీలించే నిపుణుల, కామెంట్లతో తిరిగొచ్చింది. మొదటి రివ్యూయర్ మొదటి ప్రశ్న: పువ్వుల్లో పురుగుల్ని రోజులో ఏ టైంలో లెక్కపెట్టారు? రెండోది: మొక్కల్ని ఎలా ఎంచుకున్నారు? గట్టు పక్కవా, తోట మధ్యలోవా? మూడోది: ఒక్కో మొక్కకి ఎన్ని పువ్వులు, ఏ కొమ్మ మీదవి?

మేం రాసింది ఒకే ఒక్క వాక్యం: "పురుగుల సంఖ్యను క్రమం తప్పకుండా నమోదు చేశాం."

అబ్బాయి మొహం చిన్నబోయింది. "మేడం, ఇంత చిన్న విషయానికి పేపర్ వెనక్కి పంపుతారా?" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఫీల్డ్ బుక్ తిరగేశాం. మొదటి రెండు ఊళ్లలో పొద్దున్న ఏడూ తొమ్మిదీ మధ్యలో లెక్కపెట్టాడు. మూడో ఊరికి పొద్దున బస్సు లేదు, అందుకని చాలాసార్లు మధ్యాహ్నం వెళ్లాడు. ఎండెక్కాక పురుగు పువ్వు అడుగుకి దూరితే, పొద్దున్న పది దొరికే పువ్వులో మధ్యాహ్నం నాలుగే దొరకొచ్చు. మా పేపర్‌లో మూడో ఊళ్లో పురుగు తక్కువ ఉందని రాశాం. ఆ తేడా ఊరిదా, టైందా? ఆ రివ్యూయర్ ఎవరో, ఏ దేశంలో ఉంటారో తెలియదు, మిరప తోటలో ఎప్పుడైనా నిలబడ్డారో లేదో కూడా తెలియదు. కానీ మా పనిలో బోలుగా ఉన్న చోటే చేయి పెట్టారు.

నా బాధంతా ఇక్కడే. మన దగ్గర పేపర్ రాయడమంటే ఇంట్రడక్షన్ రాయడం అయిపోయింది. ప్రపంచంలో మిరప ఎంత విస్తీర్ణంలో పండుతుందో, గుంటూరు మిర్చి యార్డు ఎంత పెద్దదో రెండు పేజీలు రాస్తారు. అసలు పని ఎలా చేశారో చెప్పాల్సిన మెథడ్స్ భాగం మాత్రం సీనియర్ థీసిస్‌లోంచి తెచ్చి అతికిస్తారు. ఏ రకం మిరప, సాళ్ల మధ్య దూరం ఎంత, లెక్కపెట్టడానికి ముందు చివరిసారి ఏ మందు ఎన్ని రోజుల కింద కొట్టారు, ఎన్ని రెప్లికేషన్లు (అదే ప్రయోగాన్ని ఎన్నిసార్లు మళ్లీ చేశారు), మొక్కల్ని చీటీలు తీసి ఎంచుకున్నారా కంటికి నచ్చినవి తీసుకున్నారా, ఇవేవీ ఉండవు. ఇవి లేకుండా కింద టేబుల్‌లో సగటులూ, సీడీ విలువలూ (సగటుల మధ్య తేడా నిజమైనదో కాదో తేల్చే అంకెలు) ఎన్ని వేసినా వాటిని దేనికి వాడుకోవాలి?

మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు బయోకెమిస్ట్రీ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, రంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరం కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని దశాబ్దాల తరబడి ప్రపంచమంతా ల్యాబుల్లో వాడారు. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్లు, ఆ పేపర్ ముందు పెట్టుకుని అదే రంగు, అదే కొలత తెచ్చుకోగలిగారు. మెథడ్స్ రాసేటప్పుడు నేను ఆ మనిషిని తలుచుకుంటాను.

కాబట్టి స్కాలర్లకు నేను చెప్పేది: మెథడ్స్ ముందు రాయండి. ప్రయోగం అయ్యాక కాదు, తోటలో అడుగుపెట్టిన మొదటి రోజు రాత్రే మొదలుపెట్టండి. టైం, వాతావరణం, ఎవరు లెక్కపెట్టారు, ఏ రోజు ఎందుకు వెళ్లలేకపోయారు, అన్నీ రాయండి. తర్వాత టేబుళ్లు, గ్రాఫులు. వాటిని చూస్తూ రిజల్ట్స్, ఆ తర్వాత డిస్కషన్. ఇంట్రడక్షన్, అబ్‌స్ట్రాక్ట్ చివర్న రాస్తే సరిపోతుంది. పేర్ల వరుస కూడా ముందే మాట్లాడుకోవాలి. పని చేయని పెద్దల పేరు గౌరవం కోసం చేర్చే అలవాటు మనం మానుకోవాలి, నాతో సహా గైడ్లందరూ. పేపర్‌లో తప్పు దొరికితే జవాబు చెప్పాల్సింది పేరున్న ప్రతి ఒక్కరూ.

మళ్లీ డీటీపీ సెంటర్ దగ్గరికి వస్తాను. వారంలో వేసే జర్నల్‌లో ఏ టైంలో లెక్కపెట్టారని అడిగే మనిషే ఉండరు. డబ్బు పోవడం ఒక నష్టం, ఆ ప్రశ్న రాకపోవడం అంతకంటే పెద్ద నష్టం. ఈ వ్యాపారం మనకు దూరంలో ఎక్కడో జరిగేది కాదు. హైదరాబాద్ నుంచి నడిచిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన సమీక్ష లేకుండా పేపర్లు వేస్తోందనీ, ఫీజుల సంగతి దాస్తోందనీ ఆరోపణ. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ మంచి జర్నళ్లంటూ ఇచ్చే కేర్ లిస్టు కూడా 2025 ఫిబ్రవరి నుంచి లేదు. ఏ జర్నల్ మంచిదో ఇప్పుడు మనమే చదివి తేల్చుకోవాలి. ఎడిటర్ల పేర్లు వెతకండి, పాత సంచికల్లో నాలుగు పేపర్లు చదవండి, వాటి మెథడ్స్ చూసి మీరు ఆ ప్రయోగం మళ్లీ చేయగలరో లేదో చూసుకోండి. ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులో ఉన్నాయి. ప్రైవేటు కాలేజీ పిల్లలకు ఆ సౌకర్యం ఇంకా రాకపోవడం అన్యాయం.

సిమిలారిటీ సంగతి ఒక్క మాట. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం దాకా పోలిక ఉన్నా శిక్ష లేదు. ఆ అంకె కోసం సాఫ్ట్‌వేర్‌తో మాటలు మార్పిస్తున్నారు. ర్యాండమ్ ఫారెస్ట్ అనే గణిత పద్ధతి పేరు కాస్తా అడవి గురించిన మాటగా మారి అచ్చయిన పేపర్లు బయటపడ్డాయి. సాంకేతిక పదాన్ని మార్చకూడదు పిల్లలూ, దాన్ని ఉన్నదున్నట్టు వాడితే దొంగతనం కిందకి రాదు.

2022 నవంబరులో యూజీసీ, థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ ఉండి తీరాలన్న షరతు తీసేసింది. అయినా చాలా చోట్ల పిల్లల్ని తొందరపెడుతూనే ఉన్నారు. ఆ తొందరలోంచే ఏడు వేల ప్యాకేజీలు పుడుతున్నాయి. గైడ్లు ఒక్క ఆర్నెల్లు ఆగగలిగితే ఆ అమ్మాయి అక్కడ కూర్చునేది కాదు.

మా పేపర్ పోయిన వారం తిప్పి పంపాం. ప్రతి ప్రశ్నకూ కింద విడివిడిగా జవాబు రాశాం. మూడో ఊరి లెక్కలు మొత్తం తీసేశాం. రెండు సీజన్ల పనిలో మూడో వంతు పోయింది. ఆ ఫైల్ పక్కన పెడుతుంటే అబ్బాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తనే మెథడ్స్‌లో కొత్త వాక్యం టైప్ చేశాడు: "లెక్కలన్నీ ఉదయం 7 నుంచి 9 గంటల మధ్య తీశాం. మూడో గ్రామంలో సమయం పాటించలేకపోయినందున ఆ వివరాలను విశ్లేషణలో చేర్చలేదు." ఈ సీజన్‌లో ఆ ఊరికి పొద్దున్నే వెళ్లడానికి వాళ్ల నాన్న బండి ఇస్తానన్నారట.