ఆ మెట్టు జోలికి వెళ్లకండి

పార్కు గేటు దగ్గర ఆరంగుళాల మెట్టు ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని కొట్టేసి ర్యాంపు కట్టమని ఈమధ్య కొందరు ఒకటే గొడవ. అయ్యా, తొందరపడకండి. ఆ ఒక్క మెట్టు మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో తెలుసా?

వికలాంగులు పార్కులకు ఎందుకు రావడం లేదని ఒక పరిశోధన, వాళ్లకు ఉద్యోగాలు ఎందుకు దొరకడం లేదని ఇంకోటి, ఆరుబయట తిరిగితే హుషారొచ్చి ఉద్యోగం దొరుకుతుందా లేక ఉద్యోగం దొరికితే ఆ హుషారులో ఆరుబయట తిరుగుతారా అని మూడోది, ఈ మూడూ కలిపి సమీక్షించడానికి నాలుగోది. ప్రతిదానికీ ఒక ప్రొఫెసరు, ఇద్దరు అసిస్టెంట్లు, డేటా ఎంట్రీకి ఒక కుర్రాడు. వికలాంగుల నిరుద్యోగం ఉపాధి కల్పించడం లేదని ఎవరండీ అన్నది? బ్రహ్మాండంగా కల్పిస్తోంది. వికలాంగులకు కాదు, అంతే.

ర్యాంపు వాలు సాధారణంగా 1:12 అంటారు, అంటే ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల ర్యాంపు. కాస్త సిమెంటు, ఒక మేస్త్రీ. ఇంత చిన్న పనికి గ్రాంటు ఎవరిస్తారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన వికలాంగులం మేం దాదాపు 130 కోట్ల మందిమి, ప్రతి ఆరుగురిలో ఒకరం. ఇంతమందీ ఒక్కసారిగా రోడ్డెక్కితే, సర్వే వాళ్లు ఎప్పుడొచ్చినా ఇంట్లోనే దొరికే సౌకర్యం పోదూ!

ఐక్యరాజ్యసమితి 2006లోనే వికలాంగుల హక్కుల ఒడంబడికలో రాసేసింది. 27వ అధికరణం పని గురించి, 30వది వినోదం, ఆటలు, తీరిక గురించి. కాగితం మీద రెండూ దగ్గరదగ్గరే ఉంటాయి, ఆఫీసులు మాత్రం వేరే వేరే బిల్డింగుల్లో. రెండింటికీ మెట్లే. కానీ నాకు రెండూ ఒకే చోట ఆగిపోతాయి. పార్కు టికెట్ కౌంటర్లో ఉద్యోగం ఉందనుకోండి, కూర్చుని చేసే పని, కూర్చోవడంలో నాకున్న అనుభవం ఇంకెవరికీ ఉండదు, కుర్చీ కూడా నేనే తెచ్చుకుంటాను. కౌంటరేమో మెట్టుకు అవతల. పోనీ ఎవరో సాయం పట్టి మెట్టు దాటించారే అనుకోండి, లోపల కంకర బాట. నా చక్రాల కుర్చీకి ముందున్న చిన్న చక్రాలు రెండూ అందులో దిగబడిపోతాయి. ఇక మనం కదలం, ఎవరో ఒకరు వచ్చేదాకా ప్రకృతిని ఆస్వాదించడమే.

మొన్న నన్నూ ఒక అధ్యయనానికి పిలిచారు. రెండో అంతస్తు, లిఫ్టు రిపేరు. "ఎత్తుకుని తీసుకెళ్తాం సార్" అన్నారు ఇద్దరు కుర్రాళ్లు, పాపం మంచి పిల్లలే, కానీ నా బ్యాటరీ కుర్చీ నాకంటే బరువు. చివరికి అధ్యయనం వాళ్లే దిగొచ్చి పార్కింగులో స్కూటర్ల మధ్య ఎండలో గంటన్నరసేపు ప్రశ్నలడిగారు. ఆఖరి ప్రశ్న: "గత నెల రోజుల్లో ఆరుబయట ఎంతసేపు గడిపారు?" నేను నోరు తెరిచేలోపే ప్రశ్నలడుగుతున్న అమ్మాయి వాచీ చూసుకుని, గంటన్నర అని రాసేసింది.