చమురు ఆసాముల కష్టాలు ఎవరికీ పట్టవా?

2024 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని మార్-ఎ-లాగోలో ట్రంప్ ఓ ఇరవై మంది దాకా చమురు, గ్యాస్ కంపెనీల పెద్దలను కూర్చోబెట్టి భోజనం పెట్టాడు. భోజనాల దగ్గర అందులో ఒకాయన గోడు వెళ్లబోసుకున్నాడట, ముందటేడు లాబీయింగ్ మీద 40 కోట్ల డాలర్లు పోశాం, అయినా బైడెన్ సర్కారు మా మీద రూల్స్ పెట్టడం ఆపలేదు అని. 40 కోట్ల డాలర్లు పోసి కూడా మాట చెల్లకపోతే ఏ ఆసామి గుండె మాత్రం తట్టుకుంటుంది చెప్పండి. ట్రంప్ అంతా విని, మీరంతా కలిసి వంద కోట్ల డాలర్లు పోగుచేసి నన్ను గెలిపించండి, ఆ రూల్స్ నేను తీసేస్తా, మీకు మిగిలే పన్నులతో పోలిస్తే ఇది లాభసాటి బేరమే అన్నాడని వాషింగ్టన్ పోస్ట్ రాసింది.

దాని మీద పర్యావరణం వాళ్లు ఎంత రచ్చ చేశారో! నాకైతే అందులో తప్పేంటో ఇప్పటికీ అర్థం కాలేదు. నసుగుడు లేదు, మధ్యవర్తి లేడు, సరుకేంటో ధరెంతో మొహం మీదే చెప్పాడు. నిజానికి అన్యాయం జరిగింది ట్రంప్‌కే. అడిగిన వంద కోట్ల దరిదాపులకు కూడా ఎవరూ రాలేదు. సరుకు మాత్రం దాదాపు మొత్తం ఇంటికి చేరింది. 2025 జనవరి 20న ప్రమాణ స్వీకారం చేసిన రోజే ఇంధన ఎమర్జెన్సీ ప్రకటించాడు. బైడెన్ ఆపి ఉంచిన కొత్త ఎల్ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజవాయువు) ఎగుమతి అనుమతులకు అదే రోజు గేటు తీశాడు, పారిస్ వాతావరణ ఒప్పందం నుంచి రెండోసారి బయటికొచ్చే ఆదేశం మీద సంతకం పెట్టాడు. ఇంధన మంత్రి కుర్చీలో క్రిస్ రైట్‌ని కూర్చోబెట్టాడు. ఈయన ఫ్రాకింగ్, అంటే భూమిలోకి ఒత్తిడితో ద్రవం పంపి రాతిని పగలగొట్టి చమురు, గ్యాస్ తీసే కంపెనీ నడిపిన మనిషి, ఫ్రాకింగ్‌లో వాడే ద్రవం ఏమీ చెయ్యదని చూపించడానికి 2019లో కెమెరా ముందు గ్లాసెత్తి తాగేశాడు. మన మంత్రులు తమ శాఖ సరఫరా చేసే మంచినీళ్లు అలా తాగి చూపించిన రోజున మాట్లాడదాం.

అక్కడితో ఆగారా? 2025 జులై 4న సంతకమైన, ట్రంప్ ముద్దుగా ‘పెద్ద అందమైన’ అని పిలుచుకున్న పన్నులు, ఖర్చుల చట్టంలో, ప్రభుత్వ భూముల్లో తోడిన చమురు మీద కట్టాల్సిన కనీస రాయల్టీని 16.67 శాతం నుంచి మళ్లీ పాత 12.5కి దించారు, భూమిని వేడెక్కించే మీథేన్ గ్యాస్ వదిలితే కట్టాల్సిన ఫీజుని పదేళ్లు వెనక్కి నెట్టారు. అదే చట్టం ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లకి ఇచ్చే 7,500 డాలర్ల క్రెడిట్‌ని మాత్రం సెప్టెంబర్ 30తో ఆపేసింది. ఈవీ కొందామా, ఇంకో మోడల్ వచ్చేదాకా ఆగుదామా అని నెలల తరబడి ఊగిసలాడిన మన ఎన్నారై సోదరులకు ఈ సందర్భంగా నా సానుభూతి. తప్పు మీదే. మీరూ ఓ విందుకి వెళ్లి ఉండాల్సింది.

ఈ చందాల చట్టం గురించి కూడా కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే అమెరికాలో అంతా చట్టం ప్రకారమే జరుగుతుంది. కంపెనీలు దేశస్థాయి అభ్యర్థులకు నేరుగా డబ్బివ్వకూడదని 1907లోనే చట్టం చేశారు. ఓ వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో ఇవ్వగలిగింది 2024లో 3,300 డాలర్లు, అంతకు మించి ఒక్క డాలరు ఎక్కువైనా చట్టవిరుద్ధం. ఎంత కట్టుదిట్టమో చూడండి. కాకపోతే 2010లో సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ కేసులో తీర్పిచ్చాక సూపర్ పాక్‌లు అని, అభ్యర్థితో సంబంధం లేకుండా విడిగా ప్రచారానికి ఖర్చుపెట్టే సంఘాలు వచ్చాయి. వీటికి ఎన్ని కోట్లయినా ఇవ్వొచ్చు, కంపెనీలూ ఇవ్వొచ్చు. షరతు ఒక్కటే, ఆ డబ్బు ఖర్చు గురించి అభ్యర్థితో మాట్లాడుకోకూడదు. ఇది తెలుగువాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. కట్నం తీసుకోవడం 1961 నుంచీ నేరమే, మనలో ఎవరూ తీసుకోలేదు కూడా. అమ్మాయి తరఫు వాళ్లు ముచ్చటపడి వాళ్ల అమ్మాయి పేరు మీద ఫ్లాటు, అల్లుడికి కారు పెట్టుకుంటే వద్దనడం మర్యాద కాదు కాబట్టి ఊరుకున్నాం. సూపర్ పాక్ అంటే అంతే.

ఇక మనవాళ్లకి బాగా దగ్గరైన టెక్సాస్ సంగతికొస్తాను. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానొచ్చి అక్కడి కరెంటు గ్రిడ్ కుప్పకూలింది. గ్యాస్ బావులూ పైపులూ గడ్డకట్టాయి, గ్యాస్ అందక కరెంటు ప్లాంట్లు ఆగాయి, కరెంటు లేక మిగిలిన గ్యాస్ యంత్రాలూ ఆగాయి. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ లాంటి చోట్ల ఉన్న మనవాళ్లని అడగండి, దుప్పట్ల మీద దుప్పట్లు కప్పుకుని ఎలా గడిపారో చెప్తారు. టెక్సాస్‌లో చాలామంది బయట మంచు తవ్వి తెచ్చి కరిగించి టాయిలెట్లలో పోశారు. ప్రభుత్వ లెక్కలోనే 246 మంది చనిపోయారు. గ్యాస్ ధర ఆకాశాన్నంటింది. ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ అనే పైప్‌లైన్ కంపెనీకి ఆ తుపాను వల్ల దాదాపు 240 కోట్ల డాలర్లు కలిసొచ్చాయి. వరుణదేవుడు ఒక్కో ఇంటిని ఒక్కోలా కరుణిస్తాడు మరి.

టెక్సాస్‌లో శాసనసభ నడిచేటప్పుడు గవర్నరు చందాలు తీసుకోకూడదు, నిష్ఠ అంటే నిష్ఠే. 2021లో ఆ ఉపవాసం జూన్ 20తో ముగిసింది. జూన్ 23న ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ ఛైర్మన్ కెల్సీ వారెన్ గవర్నర్ గ్రెగ్ అబాట్ ప్రచారానికి పది లక్షల డాలర్ల చెక్కు రాశాడు. ఆ రాష్ట్రంలో గవర్నరుకి ఒక వ్యక్తి ఎంతివ్వాలనే పరిమితే లేదు, కాబట్టి నిక్షేపంలాంటి చందా. ప్రత్యర్థి బెటో ఓరూర్క్ దీన్ని లంచంతో పోల్చి మాట్లాడితే వారెన్ మనసు నొచ్చుకుని పరువు నష్టం దావా వేశాడు. అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. పది లక్షల డాలర్లిచ్చిన మనిషికి ఆ మాత్రం పరువు కూడా మిగల్చలేదు.

తుపాను తర్వాత చట్టం కూడా చేశారండోయ్, గ్యాస్ కంపెనీలు చలికి తట్టుకునేలా ఏర్పాట్లు చేసుకోవాలని. అమలు బాధ్యత రైల్‌రోడ్ కమిషన్‌ది. పేరు చూసి రైళ్ల సంగతనుకోకండి, రైళ్లతో దానికి సంబంధం తెగిపోయి చాలా ఏళ్లయింది, అది చూసేది చమురు, గ్యాసే. కమిషనర్లు ఓట్లతో గెలిచి వస్తారు, ఆ ఎన్నికల ఖర్చుకి చందాలిచ్చేవాళ్లలో చమురు కంపెనీలవాళ్లు ముందుంటారు. అలాంటి కమిషన్ రాసిన మొదటి ముసాయిదాలో, ఒక ఫారం నింపి 150 డాలర్లు కడితే ఈ బాదరబందీ నుంచి తప్పుకునే వీలుంది. పత్రికలు, సెనేటర్లు గోల చేస్తే తర్వాత మార్చారు. ఫీజు మరీ నూటయాభై ఏంటి, కనీసం ఓ ఐదొందలు పెట్టుంటే ఆ గోల ఉండేది కాదేమో.

ఇదంతా ఒక పార్టీ సంగతే అనుకుంటే పొరపాటు. 2022 ఎన్నికల సీజన్‌లో కాంగ్రెస్‌లో చమురు, గ్యాస్ చందాలు అందరికన్నా ఎక్కువగా అందుకున్నవాళ్లలో డెమోక్రాట్ సెనేటర్ జో మాంచిన్ పేరు ముందుంటుంది. ఈ వివరాలన్నీ అక్కడి ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో పేర్లతో, తేదీలతో ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర ఎలక్టోరల్ బాండ్లు అని ఎంత గుట్టయిన పద్ధతి ఉండేది! 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసి జాబితా బయటపెట్టించింది, చూస్తే దేశంలో రెండో పెద్ద కొనుగోలుదారు మన హైదరాబాద్ కంపెనీ మేఘా, 966 కోట్లు. తెలుగువాడిగా ఛాతీ ఉప్పొంగింది. అమెరికావాళ్లకి ఇలా జాబితా లాక్కోవాల్సిన శ్రమ లేదు. చాలావరకు అద్దంలా కనిపిస్తుంటాయి, చూసినవాళ్లు చూసి పడుకుంటారు.

పద్ధతి ఇంత చక్కబడటానికి వందేళ్లు పట్టింది. 1921లో అమెరికాలో ఆల్బర్ట్ ఫాల్ అని ఒక మంత్రి ఉండేవాడు, నౌకాదళం కోసం దాచిన చమురు నిల్వలు ఆయన చేతిలో ఉన్నాయి. డోహెనీ అనే చమురు కుబేరుడు తన కొడుకు చేత నల్ల సంచిలో లక్ష డాలర్ల నగదు పంపాడు. తర్వాత కాలిఫోర్నియాలోని ఎల్క్ హిల్స్ నిల్వల లీజు డోహెనీ కంపెనీకి దక్కింది. సెనేట్‌లో అడిగితే డోహెనీ, అది పాత స్నేహితుడికిచ్చిన అప్పు, నాలాంటివాడికి లక్షంటే మామూలు మనిషికి పాతికో యాభయ్యో లాంటిది అన్నాడు. 1929లో లంచం తీసుకున్నాడని ఫాల్‌కి శిక్షపడి జైలుకెళ్లాడు. అదే లంచం ఇచ్చాడన్న కేసులో 1930లో డోహెనీ నిర్దోషిగా బయటికొచ్చాడు. అంటే ఎవరూ ఇవ్వని లంచాన్ని ఫాల్ తీసుకున్నాడన్నమాట! అంతటితో అయిపోలేదు. అది అప్పే కదా, ఆ బాకీ కింద న్యూ మెక్సికోలో ఫాల్‌కున్న పశువుల రాంచ్‌ని డోహెనీ కంపెనీ జప్తు చేసి లాగేసుకుంది. ఇప్పటి అభ్యర్థులకు ఆ బెంగ లేదు, చందా ఎవరూ తిరిగి కట్టమనరు, చెక్కు మీదున్న పేరు సరిగ్గా రాసుకుంటే చాలు.